"ఇదేంది సామీ" అని అడిగేవాళ్ళే మన ప్రేక్షకులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బరోడాలో శిల్పకళ చదివి తిరుపతికి తిరిగి వచ్చారు. ప్రపంచంలో పేరున్న సమకాలీన కళాకారుల పనులను గ్యాలరీలో కాకుండా వీధిలో, పార్కులో, మన ఊరివాళ్ళ ముందు పెట్టాలని ఉంది. "ఇక్కడ గుడి తప్ప ఇంకేదీ ఎవరూ చూడరు, ఆ తలాతోకా లేని బొమ్మలు ఎవరికి అర్థమవుతాయి" అని స్నేహితులు అంటున్నారు. డబ్బు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలి, జనాన్ని ముందుగా ఎలా సిద్ధం చేయాలి అని అడిగారు.

నేను చిత్తూరు జిల్లాలో 27 ఏళ్ళు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. సెలవుల్లోనూ, రిటైరయ్యాక మరో పదేళ్ళూ, బయటి దేశాల కళాకారులు మన వైపు వస్తే వాళ్ళకు స్థలం చూపించడం, పనివాళ్ళను కుదర్చడం, ఊరి పెద్దలతో మాట్లాడిపెట్టడం చేశాను. ఆ అనుభవంతో ఒక్క మాట ముందే చెబుతాను. జనాన్ని సిద్ధం చేయాలన్న ఆలోచన మీ ప్లాన్‌లోంచి తీసేయండి. ఈ నేల మీద మనుషులు వందల ఏళ్ళుగా సిద్ధంగానే ఉన్నారు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసే ఉంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి అందులో వింత మనకు కనపడదు. వారం రోజులు ఊరు ఊరంతా వేషం కడుతుంది. ఒకరోజు ఒళ్ళంతా తెల్లని నామం, ఇంకోరోజు కుంకుమ, మరోరోజు బొగ్గు. మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసుకుని నడిరోడ్డు మీద నడుస్తారు. ఆఖరున గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. తెల్లవారకముందే ఆ రూపానికి చెంప నరుకుతారు. ఆ మట్టి పెళ్ళ కోసం జనం ఎగబడి, దొరికిన కాస్తా కళ్ళకద్దుకుని ఇంటికి తీసుకెళతారు. అది పూజ. దాన్ని కళ అని పిలిచి తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. కానీ గమనించండి: అంత కష్టపడి చేసిన రూపాన్ని కొన్ని గంటల్లో ఎందుకు పగలగొడతారని ఇక్కడ ఎవరూ అడగరు. క్రిస్టో, జాన్‌క్లోద్ అనే కళాకార దంపతులు 1995లో బెర్లిన్‌లోని పార్లమెంటు భవనం రైష్‌టాగ్‌ను మొత్తం గుడ్డతో చుట్టి, రెండు వారాలకే విప్పేశారు. రెండు వారాల కోసం ఇంత ఖర్చా అనే ప్రశ్న ఆ దంపతులను జీవితమంతా వెంటాడింది. మన తిరుపతివాళ్ళకు ఆ సంగతి చెబితే ఆ ప్రశ్న పుట్టదు. నేను చెప్పి చూశాను. గంగమ్మ గుడి వీధిలో ఒక పెద్దావిడ అడిగింది ఒకటే: "విప్పిన గుడ్డ ఏం చేసినారు?" చాలా మంచి ప్రశ్న అది. ఆ గుడ్డను తర్వాత రీసైకిల్ చేశారు.

చిత్తూరు చుట్టుపక్కల ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం జరిగేటప్పుడు కూడా అంతే. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు కొంగు పట్టుకుని నిలబడతారు. చివరి రోజు దుర్యోధనుడిని నేల మీద మట్టితో పడుకోబెడతారు, పదుల అడుగుల పొడవున. భీముడి వేషగాడు దాని చుట్టూ పరుగెత్తి తొడ పగలగొడతాడు. ఒకసారి నాతో వచ్చిన ఒక విదేశీ కళాకారిణి ఆ మట్టి పని జరుగుతుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో కూర్చుని చూసింది. ఈ శిల్పి ఎవరు అని అడగమంది. నేను అడిగితే అక్కడున్నాయన "శిల్పేంది సామీ, మా ఊరోళ్ళే, ఏటా చేసేదే కదా" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఇక మాట్లాడలేదు. ఆ రాత్రి తను వేయాలనుకున్న డిజైన్ పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి గీసుకుంది.

కాబట్టి, దేని పోలికా లేని అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ అర్థం కాదు, తాత్కాలికమైనది నచ్చదు, కొత్త రూపం భరించలేరు అనే భయాలు వదిలేయండి. అసలు తేడా ఇంకోచోట ఉంది. జాతర ఎప్పుడు వస్తుందో ఊరికి ముందే తెలుసు, చాటింపు వేస్తారు. చేసేవాళ్ళు కళ్ళ ముందే చేస్తారు. ఎవరినైనా ఆపి "ఇదెందుకు" అని అడిగితే జవాబు దొరుకుతుంది. మనం తెచ్చే శిల్పానికి ఇవేవీ ఉండవు. రాత్రికి రాత్రి లారీలో దిగుతుంది.

ఆ తప్పు నేనే చేశాను. దాదాపు పదిహేనేళ్ళ కిందట జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, యూరప్ నుంచి వచ్చిన ఒక శిల్పి ఉక్కు పైపులతో పెద్ద పని చేశాడు. నిజంగా మంచి పని, గాలికి సన్నగా మోగేది. కూడలిలో పెట్టుకోండి అని ఒక ఆఫీసులో నోటిమాటగా చెప్పారు, మేం కాగితం అడగలేదు. ట్రాఫిక్ ఇబ్బంది అని రాత్రి పూట క్రేన్‌తో దించాం. తెల్లవారి చూస్తే, ఆ స్థలంలో ఇరవై ఏళ్ళుగా ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునే అవ్వ తన గంప పట్టుకుని పక్కన నిలబడి ఉంది. టిఫిన్ బండి అతను బండి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాడు. వాళ్ళిద్దరితో ఒక్క మాట మాట్లాడాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మూడో రోజుకు పైపులకు ఫ్లెక్సీ తాళ్ళు కట్టారు. పందొమ్మిదో రోజు దాన్ని పీకి ఎక్కడో గోడౌన్‌లో పడేశారు. శిల్పి "నా పని ఎలా ఉంది, జనం ఏమంటున్నారు" అని మెయిల్ రాశాడు. జవాబు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ అవ్వకు మాత్రం మర్నాడే క్షమాపణ చెప్పాను. ఆమె ఒక పొట్లం చెనక్కాయలు కట్టి చేతిలో పెట్టింది, డబ్బు తీసుకోలేదు.

ఇది మన ఊళ్ళకే ఉన్న జబ్బు కాదు. న్యూయార్క్‌లో ఫెడరల్ ప్లాజా అనే ఆఫీసుల ఆవరణలో 1981లో రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న వంపు ఉక్కు గోడ నిలబెట్టాడు, పేరు టిల్టెడ్ ఆర్క్. రోజూ ఆ ఆవరణ దాటే ఉద్యోగులు దాని చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి గొడవ జరిగి, బహిరంగ విచారణ జరిగి, చివరికి 1989లో దాన్ని ముక్కలు చేసి తీసేశారు. సెర్రా గొప్ప శిల్పి, నాకు అందులో సందేహం లేదు. ఆ ఆవరణలో నడిచేవాళ్ళకు మాత్రం తమ దారి ఎందుకు మారిందో ముందు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

జర్మనీలోని మ్యూన్‌స్టర్ ఊరు ఇలాంటి గొడవనే ఇంకో దారికి తిప్పింది. 1970ల్లో జార్జ్ రికీ అనే అమెరికన్ శిల్పి చేసిన, గాలికి కదిలే శిల్పం ఒకటి ఊరికి వస్తుందంటే జనం పెద్ద ఎత్తున వ్యతిరేకించారు. అక్కడి మ్యూజియం మనిషి క్లాస్ బుస్‌మాన్ జనాన్ని తిట్టలేదు. ఆధునిక శిల్పం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పడానికి ఉపన్యాసాలు పెట్టాడు, దాని కొనసాగింపుగా 1977లో ఊరి వీధుల్లోనే ప్రదర్శన జరిగింది. అప్పుడు అమెరికన్ శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ పెట్టిన పెద్ద కాంక్రీటు బంతులను విద్యార్థులు చెరువులోకి దొర్లించాలని చూశారు. ఇప్పుడు అవే బంతుల దగ్గర ఊరివాళ్ళు సాయంత్రాలు కలుసుకుంటారు. ఆ ప్రదర్శన పదేళ్ళకు ఒకసారి, 2017 దాకా ఐదుసార్లు జరిగింది. పదేళ్ళ విరామం ఎందుకో నాకు చాలా నచ్చుతుంది. ఒక తరం పిల్లలు పెరిగేంత టైమ్ అది.

ఇక మీరు తేవలసింది ఏమిటి? శిల్పాన్ని ఓడలో తెప్పించే ఆలోచన మొదటి ఐదేళ్ళు వద్దు. రవాణా, ఇన్సూరెన్స్, కస్టమ్స్ కలిసి మీ డబ్బంతా మింగేస్తాయి. సూచనల రూపంలో ఉండే పనులు తెప్పించండి. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1968 నుంచి చేసిన గోడబొమ్మల్లో చాలావాటికి సూచనలు మాత్రమే రాసి ఇచ్చేవాడు, గీసేది వేరేవాళ్ళు. 2007లో ఆయన పోయాక కూడా ఆ బొమ్మలు గోడల మీద కొత్తగా పుడుతూనే ఉన్నాయి. మన ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. "15 చుక్కలు, 8 వరకు సందు చుక్క" అని పత్రికలో చదివి ముగ్గు వేసినవాళ్ళు వాళ్ళు. అదే సూచనతో రెండిళ్ళ ముందు వేసిన ముగ్గు రెండు రకాలుగా ఎందుకు ఉంటుందో కూడా వాళ్ళకు తెలుసు. ఒక ధనుర్మాసంలో, నాకు పరిచయమున్న ఒక విదేశీ కళాకారుడు అర పేజీ సూచనలు పంపితే, మా కాలనీలో పన్నెండు మంది ఆడవాళ్ళు దాన్ని స్కూలు గోడ మీద సున్నంతో వేశారు. నాలుగో సూచన దగ్గర వాళ్ళలో వాళ్ళకు వాదన వచ్చింది, గీత వంకర తిరగాలా వద్దా అని. ఫోన్ చేసి అతన్నే అడిగాం. మీరే తేల్చుకోండి అన్నాడు. ఆ రోజు నుంచి అది వాళ్ళ గోడ.

జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో 1996 నుంచి చేస్తున్న విష్ ట్రీ కూడా ఇలాంటిదే. కోరిక కాగితం మీద రాసి చెట్టుకు కట్టడం. జపాన్‌లో గుడి ఆవరణల్లో చెట్లకు కాగితాలు కట్టే అలవాటే దానికి మూలం. ముడుపు కట్టే ఊరికి, చెట్టుకు ఉయ్యాల కట్టే ఊరికి ఇంతకంటే దగ్గరి చుట్టం ఏముంటుంది? ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: గుడి ఆవరణలోనూ, రావి వేప జంటగా ఉన్న చోటా పెట్టకండి. అక్కడ కట్టిన కాగితం మొక్కు అయిపోతుంది, రేపు మనం విప్పితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.

అన్నిటికంటే మన జిల్లాకు బాగా కుదిరేది మట్టి. బ్రిటిష్ శిల్పి ఆంటోనీ గోర్మ్‌లీ 2003లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఊరి జనం చేత దాదాపు రెండు లక్షల మట్టిబొమ్మలు చేయించాడు. సూచన చాలా చిన్నది: చేతిలో పట్టేంత ఉండాలి, తనంతట తాను నిలబడాలి, రెండు కళ్ళు ఉండాలి. అంతే. ఆ రెండు లక్షల జతల కళ్ళు మన వైపే చూస్తుంటే ఎలా ఉంటుందో ఊహించండి. మనకు పలమనేరులో మట్టి పని తెలిసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ వైపు ఒక స్కూల్లో మేం పిల్లల చేత ఇలా బొమ్మలు చేయించి, కుమ్మరి ఆవంలో కాల్పించి, గ్రౌండ్‌లో వరసగా పేర్చాం. గోర్మ్‌లీ పని ఫొటోలు ముందు చూపించలేదు, చేశాక చూపించాం. ముందే చూపిస్తే కాపీ చేస్తారు. చేసిన తర్వాత చూపిస్తే, చైనాలో వాళ్ళు కూడా మనలాగే చేశారు అంటారు. ఈ తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ నా అనుభవంలో మొత్తం ఫలితం దీని మీదే ఆధారపడి ఉంటుంది. కాల్చిన మట్టి పగుళ్ళు, విరిగిన చేతులు చూసి ఏడ్చిన పిల్లల్ని ఊరుకోబెట్టింది కుమ్మరాయనే, నేను కాదు.

ఒక విషయంలో మీరు మొండిగా ఉండాలి. స్పాన్సర్లు, ఆఫీసర్లు "కొంచెం లోకల్ టచ్ ఇవ్వండి" అంటారు. అంటే విదేశీ శిల్పం దిమ్మె చుట్టూ కలంకారీ బార్డర్ వేయమని. ఒప్పుకోకండి. శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి, కలంతో ఒక్కో గీత గీసి, ఉతికి ఆరేసే పనికి అది అవమానం. బయటినుంచి వచ్చిన కళాకారుడికీ అవమానమే. కావాలంటే అతన్ని వారం రోజులు శ్రీకాళహస్తికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. ఏమన్నా పుడితే పుడుతుంది, లేకపోతే లేదు.

స్థలం గురించి. తిరుపతి అనగానే అందరూ యాత్రికుల లెక్క చెబుతారు, రోజూ 60 వేలకు పైగా మంది కొండెక్కుతారని. వాళ్ళు మీ ప్రేక్షకులు కారు. వాళ్ళ మనసు దర్శనం మీద ఉంటుంది, ఉండాలి కూడా. అలిపిరి దారి, గోవిందరాజస్వామి గుడి వీధులు జోలికి పోవద్దు. మీ ప్రేక్షకులు ఇక్కడే ఉండేవాళ్ళు: యూనివర్సిటీ పిల్లలు, పూలు కట్టేవాళ్ళు, ఆటో స్టాండ్ వాళ్ళు, పెద్దాసుపత్రుల బయట రోగి కోసం రోజుల తరబడి చెట్టు కింద కూర్చునే చుట్టాలు. ప్రకాశం పార్కు, వినాయక సాగర్ గట్టు, మున్సిపల్ స్కూళ్ళ ప్రహరీలు చూడండి. ఆసుపత్రి బయట కూర్చునేవాళ్ళ కోసం ఎవరైనా ఒక మంచి పని చేస్తే చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అక్కడ మనిషికి టైమ్ ఉంటుంది, టెన్షన్ ఉంటుంది, చూడటానికి ఏమీ ఉండదు.

చోటు ఖాయం చేసే ముందు మూడు రోజులు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అక్కడ కూర్చోండి. ఎవరు ఏ మూల నిలబడతారు, నీడ ఎటు పడుతుంది, వాన నీళ్ళు ఎటు పోతాయి రాసుకోండి. బండి వాళ్ళతో మాట్లాడాకే కార్పొరేషన్‌కు అర్జీ పెట్టండి. రోడ్డు ఎవరిదో, స్తంభం ఎవరిదో, పార్కు ఎవరిదో వేరువేరు శాఖలు. నోటిమాట తీసుకోకండి, రసీదు తీసుకోండి. శిల్పాన్ని ఎప్పుడు తీస్తారు, ఎవరు తీస్తారు, తీశాక ఎక్కడ పెడతారు అనేది కూడా ఆ కాగితంలో ఉండాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యచిత్రాన్ని 1979లో ఆయనను అడగకుండా ఊడదీశారు. ఢిల్లీ హైకోర్టు 2005లో దాన్ని ఆయనకు తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల పరిహారం చెల్లించాలనీ తీర్పు ఇచ్చింది. తన పనిని పాడుచేస్తే అడ్డుకునే హక్కు కళాకారుడికి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ఇస్తుంది. సూచనల రూపంలో ఉన్న పనికి కూడా కళాకారుడి దగ్గర, ఆయన లేకపోతే హక్కుదారుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చాలామంది సంతోషంగా ఇస్తారు. డబ్బు, పరిచయాల కోసం చెన్నై వెళ్ళండి, మూడు నాలుగు గంటల దారి. జర్మన్ సాంస్కృతిక సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్, ఫ్రెంచి సంస్థ అలయాన్స్ ఫ్రాన్సేజ్ అక్కడ ఉన్నాయి. 1966లో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 2016లో మొదలైన చెన్నై ఫొటో బినాలే అనే ఫొటోల ప్రదర్శన పార్కుల్లో, రైలు స్టేషన్లలో ఫొటోలు పెట్టింది. అది నడిపినవాళ్ళతో ఒక పూట కూర్చోండి.

బోర్డు మీద రాత గురించి కొంచెం. "స్థలకాలాల మధ్య సంభాషణ" లాంటి వాక్యం రాయకండి. ఎవరు చేశారు, ఏ ఊరు, దేనితో చేశారు, ఎన్ని రోజులు ఉంటుంది, ముట్టుకోవచ్చా. ఇంతే, పెద్ద తెలుగు అక్షరాల్లో. మిగతాది మనిషి చెప్పాలి. ఆ మనిషి అక్కడి ఆటో డ్రైవరో, పూలమ్మే ఆవిడో అయితే ఇంకా మంచిది. వాళ్ళకు కూలి కట్టండి, ఊరికే చెప్పించుకోకండి. జనం దానికి ఏదో ఒక పేరు పెడతారు, ఆ పేరు బాధపెట్టినా దిద్దకండి. శిల్పి అనీష్ కపూర్ షికాగోలో పెట్టిన క్లౌడ్ గేట్ అనే మెరిసే ఉక్కు శిల్పాన్ని ఆ ఊరంతా చిక్కుడుగింజ అని పిలుస్తుంది. పేరు పెట్టారంటే ఇంటికి పిలిచినట్టే.

కుంకుమ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఖాయంగా జరుగుతుంది. నిలువుగా, నున్నగా, నల్లగా ఉన్న రాయి ఏది పెట్టినా నాలుగో రోజుకు పసుపు కుంకుమ పడుతుంది. మొదటిసారి నేను కంగారుపడి కడిగించాను. కడిగించకూడదు. కళాకారుడితో ముందే మాట్లాడి, ఇలా జరిగితే ఏం చేద్దాం అని అడిగి పెట్టుకోండి. తనకు ఇష్టం లేదంటే రూపమో, చోటో మార్చండి. జనం చేతికి అడ్డం పడకండి.

ఇంకొకటి, పిల్లలకు కృష్ణారెడ్డి గారి గురించి చెప్పండి. 1925లో మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, పారిస్‌లోని అటెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసి, ఒకే పలక మీద ఎన్నో రంగులు ఒకేసారి వచ్చే విస్కాసిటీ పద్ధతికి ప్రాణం పోసినవాళ్ళలో ఒకరు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. నేను చదువు చెప్పిన 27 ఏళ్ళలో ఆయన పేరు ఒక్క పాఠ్యపుస్తకంలో చూడలేదు, నేనే బోర్డు మీద రాసేవాణ్ణి. అంతర్జాతీయం అనేది ఎక్కడినుంచో ఇక్కడికి వచ్చేదే అనుకునే పిల్లవాడు, పక్క ఊరి పేరు చూసి తలెత్తేవాడు.

మొదటి పనిగా ధనుర్మాసంలో ఒక గోడ తీసుకోండి. ముగ్గులు వేసే చేతులు అప్పుడు ఎలాగూ తెల్లవారకముందే బయట ఉంటాయి. అనుమతుల కోసం దసరా లోపే అర్జీ పెట్టాలి. గోడ దొరికాక దాని పొడవు, ఎత్తు, ఏ దిక్కు చూస్తుందో రాసి నాకు పంపండి. పడమటి గోడ అయితే సాయంత్రపు ఎండకు రంగు త్వరగా వెలిసిపోతుంది, సున్నమే వేయాలో వేరే ఏదైనా చూడాలో ముందే తేల్చుకోవాలి.